ఒంట్లో వేడి కాదు: ఆవిర్ల మీద వదినా మరదళ్ల సంవాదం

నెలసరి ఆగిపోయే వయసులో ఉన్నట్టుండి ఛాతీ దగ్గర్నుంచో మెడ దగ్గర్నుంచో ఒక సెగ లేచి ముఖం మీదకు పాకుతుంది. ముఖం కందుతుంది, గుండె దడదడలాడుతుంది, నుదుట, మెడ వెనక, రొమ్ముల నడుమ చెమట పడుతుంది. ఒకటి నుంచి ఐదు నిమిషాల్లో చల్లారిపోతుంది. ఆ వెంటనే తడిసిన జాకెట్టులో చలి పుడుతుంది. తెలుగు ఇళ్లలో దీన్ని ఆవిర్లు అంటారు, సెగలు అంటారు. ఏ పేరూ పెట్టకుండా ‘ఒళ్లు అదోలా అయిపోతోంది’ అని ఊరుకునేవాళ్లూ ఉన్నారు. డాక్టర్ల మాటలో హాట్ ఫ్లష్. నిద్రలో వస్తే రాత్రి చెమటలు.

ముట్లుడగడం అంటే పన్నెండు నెలలు వరసగా నెలసరి రాకపోవడం. పాశ్చాత్య దేశాల్లో సగటున 51వ ఏట జరిగేది మన దేశంలో 46, 47 ఏళ్లకే జరుగుతోంది. ఆవిర్లు అంతకు ముందే, నెలసరి తేదీలు తప్పడం మొదలైనప్పుడే రావచ్చు. కొందరికి రోజుకు ఒకటి రెండు, కొందరికి ఇంచుమించు గంటకొకటి. వీటిని ఏం చేయాలన్న దగ్గర రెండు పక్షాలున్నాయి. ప్రకృతి పెట్టినది కాబట్టి ఓర్చుకోవాలని ఒక పక్షం. ప్రకృతి పెట్టినదైనా బాధ బాధే కాబట్టి తగ్గించుకోవాలని రెండో పక్షం.

ఇక్కడ మాట్లాడుతున్న ఇద్దరూ ఆ రెండు పక్షాలవారు. వదిన పల్లెటూరి సబ్‌సెంటర్లో ఏఎన్ఎంగా చేసి రిటైరైన మనిషి, 62 ఏళ్లు, ఏ మందూ లేకుండా ఆ దశ దాటింది. మరదలు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతుంది, 48 ఏళ్లు, ఏడు నెలలుగా నెలసరి లేదు.

వదిన: ఇది రోగం కాదమ్మాయీ. సమర్తాడటం ఎలాగో, కానుపు ఎలాగో ఇదీ అలాగే. ఆ వయసుకు ఒంట్లో వేడి చేస్తుంది. చలవ చేసేవి తీసుకుంటే దిగుతుంది. సబ్జా నీళ్లు, బార్లీ, పల్చటి మజ్జిగ. మా అమ్మ ఏ మందు మింగింది? మీ అమ్మ ఏ డాక్టరు దగ్గరికి వెళ్లింది?

మరదలు: రోగం కాదన్నంతవరకు మీ మాటే నా మాట వదినా. వేడి చేయడం అన్న దగ్గరే పేచీ. ఆవిరి వచ్చినప్పుడు నోట్లో థర్మామీటరు పెట్టి చూశాను, జ్వరం లేదు. ఒంట్లో వేడి పెరగలేదు. పెరిగిందని మెదడు పొరబడింది.

ఈ మాట కొంచెం విడమరచి చూడవలసినది, ఎందుకంటే మిగతా వాదమంతా దీని మీదే నిలబడుతుంది. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని కాపలా కాస్తుంది. లోపలి వేడి ఒక హద్దు దాటితే చెమట పట్టించి, చర్మం కింది రక్తనాళాలను విప్పి చల్లబరుస్తుంది. ఇంకో హద్దు కంటే దిగితే వణికిస్తుంది. ఈ రెండు హద్దుల మధ్య కాస్త ఎడం ఉంటుంది. అమెరికాలో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఫ్రీడ్‌మన్ ఈ ఎడాన్ని కొలిచారు. లోపలి వేడిని ఎప్పటికప్పుడు రేడియో ద్వారా తెలిపే చిన్న గుళికను స్త్రీలచేత మింగించి లెక్కలు కట్టారు. ఆవిర్లు లేనివారిలో ఆ ఎడం 0.4 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంది. ఆవిర్లు వచ్చేవారిలో దాదాపు సున్నా. వంటింట్లో రెండడుగులు అటు వేసినా, దుప్పటి కాస్త బిగిసినా లోపలి వేడి అంతో ఇంతో కదులుతుంది. మామూలు మనిషికి అది లెక్కలోకి రాదు. ఎడం మూసుకుపోయిన మనిషికి అంతమాత్రానికే చెమట యంత్రం పూర్తి వేగంతో తిరుగుతుంది. కుక్కర్ మీద వెయిట్ తేలికైపోతే ఆవిరి నిండకుండానే విజిల్ వచ్చినట్టు. అంటే సెగలా తోచేది నిజానికి శరీరం చల్లబడటానికి చేసే ప్రయత్నం. దాని తరవాత లోపలి వేడి తగ్గుతుంది కూడా. చివర్లో పుట్టే చలి అందుకే.

వదిన: సరే, మెదడు పొరబడిందనుకో. అది ఈ వయసులోనే ఎందుకు పొరబడాలి? ఆడ హార్మోను తగ్గినందుకే అంటావు. ఎనిమిదేళ్ల పిల్లకూ ఆ హార్మోను ఉండదుగా, దానికెందుకు రావు ఆవిర్లు?

ముప్పై ఏళ్లు సూది చేతపట్టిన మనిషి అడగవలసిన ప్రశ్నే ఇది. జవాబు కూడా అందులోనే ఉంది. హార్మోను తక్కువగా ఉండటం కాదు, అలవాటైన హార్మోను తగ్గిపోవడం అసలు కారణం. పుట్టుకతోనే అండాశయాలు సరిగా పనిచేయని టర్నర్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయిలకు ఆవిర్లు రావు. వాళ్లకు ఆడ హార్మోను ఈస్ట్రోజెన్‌ను కొన్నాళ్లు ఇచ్చి ఆపితే వస్తాయి.

మెదడులో ఏం మారుతుందో ఈమధ్యనే తేలింది. హైపోథాలమస్‌లో కొన్ని నాడీకణాలను ఈస్ట్రోజెన్ అదుపులో ఉంచుతుంది. ఆ అదుపు పోయాక అవి ఉబ్బిపోతాయని నేవోమీ రాన్స్, ఆమె సహచరులు చనిపోయిన స్త్రీల మెదళ్లను పరీక్షించి 1990లో చూపించారు. ఆ కణాలు వెలువరించే న్యూరోకైనిన్-బి అనే పదార్థమే వేడి కాపలాను తారుమారు చేస్తోంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంకా నెలసరి వస్తున్న ఆరోగ్యవంతులైన స్త్రీలకు ఈ పదార్థాన్ని రక్తంలోకి ఎక్కిస్తే వాళ్లకూ ఆవిర్లు వచ్చాయి. ఇది గట్టి రుజువు. ఆవిర్లు మనసు కల్పించుకున్నవని, ‘నరాల బలహీనత’ అని, పని లేనివాళ్ల జబ్బు అని ఇన్నేళ్లు అన్న మాటలు తప్పు.

వదిన: కల్పన అని నేనెప్పుడూ అనలేదు. నాకూ వచ్చాయి. ఒకటి రెండేళ్లు ఓపిక పట్టాను, పోయాయి. అదే చెబుతున్నా, ఓపిక పట్టమని.

మరదలు: మీకు రెండేళ్లకు పోయాయి. అందరికీ అలా పోవు. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. ఎందుకు వచ్చిందో తెలిసేలోపే దుప్పటి కాళ్లతో తన్నేసి ఉంటాను. మెడ కింద తలగడ తడి. లేచి జాకెట్టు మార్చుకుని, తలగడ తిరగేసి పడుకుంటే అప్పుడు మొదలవుతుంది వణుకు. మీ తమ్ముడు ఫ్యాను తగ్గిస్తారు, నేను పెంచుతాను. నాలుగింటికి మళ్లీ ఇదే. పొద్దున తొమ్మిదింటికి ఫస్టియర్ క్లాసు. బోర్డు మీద కప్ప గుండె బొమ్మ వేస్తుంటే చెమటకు చాక్‌పీసు వేళ్లలోంచి జారిపోతుంది, వెనక డెబ్భై మంది పిల్లలు చూస్తుంటారు. ఏడు నెలల్లో నేను తిన్నగా నిద్రపోయిన రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఎన్నాళ్లుంటాయన్నదానికి అన్నిటికంటే నమ్మదగిన లెక్క అమెరికాలో 1996లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ‘స్వాన్’ పరిశీలనది. తరచుగా ఆవిర్లు వచ్చినవారిలో సగంమందికి అవి 7.4 ఏళ్లకు మించి కొనసాగాయి. నెలసరి ఇంకా వస్తుండగానే మొదలైనవారికి పన్నెండేళ్లకు దగ్గరగా, నెలసరి ఆగాక మొదలైనవారికి మూడు మూడున్నరేళ్లు. చైనా, జపాన్ మూలాలున్న స్త్రీలకు తక్కువకాలం, నల్లజాతి స్త్రీలకు ఎక్కువకాలం. వదిన రెండేళ్లూ నిజమే, మరదలి భయమూ నిజమే. ఒకరి అనుభవం ఇంకొకరికి కొలబద్ద కాదు.

ఎవరికి ఎక్కువ వస్తాయన్న దాంట్లో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఒళ్లు బరువున్నవారికి, పొగతాగేవారికి ఎక్కువ. పొగ అనగానే మగవాళ్ల సంగతి అనుకోనక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు. అంగుట్లో వచ్చే క్యాన్సర్ సంగతే అక్కడ అందరూ చెబుతారు. పొగాకు అలవాటున్న స్త్రీలకు ముట్లు ఒకటి రెండేళ్లు ముందే ఉడుగుతాయని కూడా చెప్పాలి.

ఆ తరవాత మాట వదినదే, అందులో ఆమెకు ఎదురులేదు.

వదిన: నీ పుస్తకాల సంగతి సరే. రాత్రి చెమటలు పడుతున్నాయని వచ్చిన ప్రతి ఆడదానికీ ‘వయసు తల్లీ’ అని చెప్పి పంపిస్తే ఎంత ప్రమాదమో నేను చూశాను. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రానికి వెచ్చబడటం, బరువు తగ్గడం, వీటితో పాటు రాత్రి చెమట ఉంటే ముందు కళ్లె పరీక్షకు పంపాలి, అది టీబీ కావచ్చు. చేతులు వణకడం, తిన్నా చిక్కిపోవడం, గుండె ఎప్పుడూ దడదడలాడటం ఉంటే థైరాయిడ్ చూడాలి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునే మనిషికి ఉన్నట్టుండి చెమట పట్టి కళ్లు తిరిగితే అది ఆవిరి కాదు, షుగరు పడిపోయింది. ముందు పంచదార నీళ్లు. బీపీకి ఆమ్లోడిపిన్ మొదలుపెట్టాక ముఖం కందుతోందంటే అది మాత్ర పని కావచ్చు.

మరదలు: ఇవేవీ లేకుండా 45 దాటిన మనిషికి నెలసరి తప్పుతూ ఆవిర్లు వస్తుంటే మాత్రం హార్మోను రక్తపరీక్షలు అక్కర్లేదు. ఆ దశలో ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోను ఈ వారం ఒకలా, వచ్చే వారం ఇంకోలా ఉంటుంది. 2015లో వచ్చిన బ్రిటన్ నైస్ మార్గదర్శకాలు కూడా ఈ మాటే చెప్పాయి. నలభై లోపు ముట్లు ఆగితే అది వేరే సంగతి, పరీక్షలు చేసి తీరాలి.

ఇక ఉపశమనం. వదిన పక్షంలో ముందు వచ్చేవి ఇంట్లో చేసుకునేవి: నూలు బట్టలు, కిటికీ పక్క మంచం, ఒకే మందపాటి రగ్గుకు బదులు రెండు పల్చటి దుప్పట్లు, తలాపున కుండనీళ్లు, మంటలాంటి కారానికి, పొగలు కక్కే కాఫీకి కాస్త దూరం. మే నెల ఎండల్లో దోసె పెనం ముందు నిలబడి పదిమందికి వడ్డించే మనిషికి ‘వేడికి దూరంగా ఉండు’ అని చెప్పి ప్రయోజనం లేదు, పెనం దగ్గర ఇంకొకరు నిలబడాలి. వీటితో ఆవిర్ల సంఖ్య తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు. వచ్చిన ఆవిరి కాస్త తేలికగా పోతుంది, నిద్ర త్వరగా పట్టవచ్చు. ఖర్చు లేదు, హాని లేదు. అందుకని మరదలికి వీటితో పేచీ లేదు.

వదిన: మరి సబ్జా నీళ్లతో నాకు తగ్గాయి కదా. అది అబద్ధమా?

మరదలు: అబద్ధం కాదు. కానీ ఒక లెక్క వినండి. హార్మోను మందును పరీక్షించేటప్పుడు సగంమందికి అసలు మందు, సగంమందికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఆ పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకు కూడా ఆవిర్లు మొదట ఉన్నదానికంటే దాదాపు 58 శాతం తగ్గాయి. రోజులు గడిస్తే కొన్ని వాటంతటవే తగ్గుతాయి, ఏదో ఒకటి చేస్తున్నామన్న ధైర్యానికి కొన్ని తగ్గుతాయి. అసలు మందు ఈ తగ్గుదలను కూడా దాటి, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే ఆవిర్లను 75 శాతం తగ్గించింది. ఈ పోలిక లేకుండా ఏది తిన్నా పనిచేసినట్టే కనబడుతుంది.

ఇదే గీటురాయి మీద మిగతావి కూడా పెట్టి చూడాలి. యోగాను, వ్యాయామాన్ని అమెరికాలో ‘ఎమ్ఎస్ ఫ్లాష్’ అనే పరీక్షలో చూశారు. ఆవిర్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎముకలకు, గుండెకు, మనసుకు వ్యాయామం మేలే, ఆవిర్లకు మందు అనుకుని చేస్తే నిరాశే మిగులుతుంది. బరువు ఎక్కువున్నవారు తగ్గితే ఆవిర్లూ తగ్గుతాయి. సోయాలో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలున్నాయి. 2021లో అమెరికాలో వచ్చిన ఒక చిన్న పరీక్షలో నూనె తగ్గించిన పూర్తి శాకాహారంతో పాటు రోజూ అరకప్పు ఉడికించిన సోయా గింజలు తిన్నవారికి బాగా తగ్గాయి. అయితే ఎవరేం తింటున్నారో అందరికీ తెలిసిన పరీక్ష అది, ఉత్తుత్తి మాత్రకు అందులో చోటు లేదు. శతావరికి ఇంకా సరైన రుజువు లేదు. ‘సహజం’ అని సీసా మీద రాసి అమ్మే బ్లాక్ కోహోష్ మాత్రలకు రుజువు చాలదు సరికదా, వాటితో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా ఉన్నాయి.

మందు కానిదాంట్లో రుజువున్నది ఒకటుంది, దాన్ని మన దగ్గర చెప్పేవాళ్లే తక్కువ. లండన్ కింగ్స్ కాలేజీలో మైరా హంటర్ బృందం 2012లో ప్రచురించిన పరీక్షల్లో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని ఆవిర్లకు వాడి చూశారు. ఆవిర్ల సంఖ్య పెద్దగా తగ్గలేదు, వాటివల్ల కలిగే బాధ మాత్రం బాగా తగ్గింది. సెగ మొదలవగానే ‘అందరూ నన్నే చూస్తున్నారు, ఇక ఈ రాత్రి నిద్ర లేనట్టే’ అని తోసుకొచ్చే ఆలోచనను గుర్తుపట్టి పక్కన పెట్టడం, భుజాలు వదులు చేసి పొట్టతో నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, పడుకునే వేళకు ఒక పద్ధతి పెట్టుకోవడం ఇందులోని భాగాలు. రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందినవారికి కూడా ఇది పనిచేసింది.

హార్మోను మాట వచ్చేసరికి వదిన గొంతు మారింది.

వదిన: అక్కడికి మాత్రం నేను రాను. 2002లో పేపర్లో పడిన వార్త నాకు గుర్తుంది. హార్మోను మింగితే రొమ్ము క్యాన్సర్ అని పరీక్షనే మధ్యలో ఆపేశారు. అంతకుముందు అదే మందును అమృతం అన్నారు. ఆడవాళ్ల మీద ఏ ప్రయోగం చేసినా అడిగేవాడు లేడు.

ఈ మాటలో చరిత్ర ఉంది. గర్భిణీ గుర్రాల మూత్రం నుంచి తీసిన ప్రీమరిన్ అమెరికాలో 1942 నుంచి అమ్ముడవుతోంది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు ‘ఫెమినైన్ ఫరెవర్’ అనే పుస్తకం రాసి, ముట్లుడిగిన ఆడదాన్ని లోపం పట్టిన మనిషిగా చిత్రించి, హార్మోనుతో నిత్య యవ్వనం అని ఊరించాడు. 1975కల్లా తేలిందేమిటంటే, గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అప్పటి నుంచి దానికి ప్రొజెస్టరోన్ జాతి మందును జోడించారు. ఆ జోడు మందు మీద జరిగినదే ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరీక్ష. 16,608 మంది స్త్రీలు అందులో ఉన్నారు, 2002 జూలైలో ఆపేశారు. అపనమ్మకానికి వదిన దగ్గర కారణాలు లేకపోలేదు.

మరదలు: ఆపేసిన మాట నిజం. ఎంత తేడా వచ్చిందో కూడా చూద్దాం వదినా. ఏడాదికి పదివేలమందిలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకు 30 రొమ్ము క్యాన్సర్లు, మందు తీసుకున్నవాళ్లకు 38. ఎనిమిది ఎక్కువ. పేపర్లో ‘26 శాతం పెరిగింది’ అని పడింది. రెండూ ఒకే లెక్క, వినేవాళ్లకు మాత్రం ఒకటి ఉరుములా వినబడుతుంది. పైగా ఆ స్త్రీల సగటు వయసు 63. ఆవిర్లు తగ్గించడానికి పెట్టిన పరీక్ష కాదది, పెద్దవయసులో గుండెజబ్బు రాకుండా ఆపగలదా అని చూసిన పరీక్ష. ఆపలేదు. 48 ఏళ్ల మనిషికి ఆ జవాబును అలాగే అంటగట్టకూడదు.

వదిన: ఆ ఎనిమిది మందిలో నువ్వుంటే?

మరదలు: ఉండవచ్చు. అందుకే నాకు ఇది కావాలి అని నేను తెలిసి ఒప్పుకోవాలి, డాక్టరు తెలిసి రాయాలి. పక్కలు నానే రాత్రులు ఏళ్ల తరబడి గడపడం ఒక పక్క, ఆ ముప్పు ఇంకో పక్క పెట్టి తూచుకోవలసింది నేనే.

ఆ పరీక్ష తరవాత ఇరవై ఏళ్లలో లెక్కలు ఇంకా తేటపడ్డాయి. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగాన్ని పక్షవాతం ముప్పు కారణంగా 2004లో ఆపారు. వారిలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. అరవై లోపు వయసులో, లేదా ముట్లుడిగిన పదేళ్ల లోపు మొదలుపెడితే, వద్దనడానికి వేరే కారణం లేనివారిలో ముప్పు కంటే మేలే ఎక్కువ అన్నది ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2022లో ప్రకటించిన అభిప్రాయం. ఆవిర్లకు ఇంతకంటే బాగా పనిచేసే మందు ఇప్పటికీ లేదు. ఎముకలు పెళుసుబారడాన్ని కూడా ఇది ఆపుతుంది.

కూడనివారు ఉన్నారు: రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు, కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టినవారు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, కాలేయజబ్బు నడుస్తున్నవారు. మిగిలినవారికి కూడా బీపీ చూసి, రొమ్ములు పరీక్షించి, ఇంటి చరిత్ర అడిగి మొదలుపెట్టాలి. నోటి మాత్ర కంటే చర్మానికి రాసే జెల్, అంటించే ప్యాచ్ వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ. గర్భసంచి ఉంటే ప్రొజెస్టరోన్ తప్పనిసరి. దాని క్యాప్స్యూల్ కాస్త మత్తు తెస్తుంది కాబట్టి పడుకునే ముందు వేసుకుంటారు. ఇవి గర్భం రాకుండా ఆపే మందులు కావన్నది కూడా తెలియాలి. నెలసరి తప్పుతూ వస్తున్న దశలో గర్భం నిలిచే అవకాశం ఇంకా ఉంటుంది.

వదినకు అసలు కోపం హార్మోను మీద కాదని ఆ తరవాత తెలిసింది.

వదిన: నేను పనిచేసిన ఊళ్లల్లో ముప్పై, ముప్పై ఐదేళ్ల పిల్లలు తెల్లబట్ట అవుతోందని, నడుంనొప్పి అని టౌనుకు వెళ్లి గర్భసంచి తీయించుకుని వచ్చేవాళ్లు. ‘పుండు పడింది, ఉంచుకుంటే క్యాన్సర్’ అని భయపెట్టి పంపేవాళ్లు. పొలానికి వెళ్లే మనిషికి నెలనెలా ఆ బాధ తప్పుతుందని వీళ్లూ సరేననేవాళ్లు. మూడు నెలలు తిరక్కుండానే నా దగ్గరికి వచ్చి ‘నర్సమ్మా, ఒళ్లంతా మంటలు’ అని ఏడ్చేవాళ్లు. మీ వైద్యం వాళ్లకు ఏం చేసింది?

ఇది ఒక ఊరి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఈ రెండు రాష్ట్రాల్లోనే. అనవసర ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగుతుంది గానీ అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి. ఆవిర్లు కొన్నేళ్లు ముందుగా రావచ్చు. రెండు అండాశయాలూ తీసేస్తే హార్మోను ఏళ్ల తరబడి మెల్లగా తగ్గవలసింది ఒక్క రోజులో పడిపోతుంది. ఆవిర్లు రోజుల్లోనే మొదలై, మామూలుగా ముట్లుడిగినవారి కంటే ఉద్ధృతంగా ఉంటాయి. ఎముకలకు, గుండెకు కూడా ఆ లోటు చిన్నవయసులోనే తగులుతుంది.

మరదలు: వాళ్లకు జరిగింది అన్యాయమే వదినా. అయితే ఆ అన్యాయం జరిగిన మనిషికే మందు అందరికంటే ఎక్కువ అవసరం. 35 ఏళ్లకు అండాశయాలు పోయిన పిల్లకు, కూడదనడానికి కారణం లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలి. అది ఎక్కువ ఇవ్వడం కాదు, ఆమె ఒంట్లో ఉండవలసినదాన్ని తిరిగి పెట్టడం. గర్భసంచి లేదు కాబట్టి ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. ఆపరేషన్ చేసినవాళ్ల మీద కోపంతో ఆ మందు కూడా అందకుండా చేస్తే ఆ పిల్ల రెండుసార్లు నష్టపోతుంది.

వదిన కాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నది మందుకు ఒప్పుకోలు కాదు, మందుకు ముందు జరగవలసిన పని.

వదిన: అయితే ముందు డిశ్చార్జి కాగితం వెతకమని చెప్పాలి. ఏం తీశారో సగంమందికి తెలియదు. అండాశయాలు ఉన్నాయో లేవో ఆ కాగితంలో ఉంటుంది. లేకపోతే స్కానింగ్ చేయించాలి.

హార్మోను కూడనివారికి, వద్దనుకునేవారికి వేరే మందులున్నాయి. మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని మాత్రలు తక్కువ మోతాదులో ఆవిర్లను తగ్గిస్తాయి. పారోక్సెటిన్ 7.5 మిల్లీగ్రాముల మోతాదును ఇందుకోసమే 2013లో అమెరికా అనుమతించింది. వెన్లాఫాక్సిన్ కూడా ఈ కోవలోదే. రాత్రి చెమటలే ఎక్కువైతే గాబాపెంటిన్ నిద్ర వేళకు ఉపకరిస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడేవారు పారోక్సెటిన్ వేసుకోకూడదు, అది టామోక్సిఫెన్ పనిని దెబ్బతీస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి హార్మోను ఇచ్చి చూసిన స్వీడన్ పరీక్ష ‘హ్యాబిట్స్’ను, క్యాన్సర్ తిరగబెడుతోందని తేలి 2003లో ఆపేశారు. న్యూరోకైనిన్-బి పనిని నేరుగా అడ్డుకునే ఫెజోలినెటాంట్‌కు 2023 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. అరుదుగా కాలేయానికి హాని చేస్తుందని 2024 డిసెంబరులో దానికి తీవ్రమైన హెచ్చరిక జోడించారు, కాబట్టి వాడేవారికి ఎప్పటికప్పుడు కాలేయ పరీక్షలు చేయాలి.

ఏ దారి పట్టినా ముందు లెక్క ఉండాలన్న దగ్గర ఇద్దరూ కలిశారు. ఆ లెక్కకు పుస్తకం అక్కర్లేదు. పాలవాడి నాగాలు, గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసుకునే గోడ క్యాలెండరే చాలు. పగటి ఆవిరికి ఒక గీత, రాత్రి చెమటకు ఒక చుక్క, జాకెట్టు మార్చుకోవలసి వస్తే చుక్క చుట్టూ సున్నా. మందుకు ముందు రెండు వారాలు రాసి, మొదలుపెట్టాక మూడు నెలలు రాస్తే పనిచేసిందో లేదో డాక్టరుకు చూపించవచ్చు. హార్మోను ఫలితం కొన్ని వారాల్లోనే కనబడుతుంది, మూడు నెలలకు పూర్తిగా తెలుస్తుంది. ఆ తరవాత ఏడాదికొకసారి బీపీ, రొమ్ములు చూపించుకుని, ఇంకా అవసరమా అని అడగాలి. ఇన్నేళ్లకు ఆపి తీరాలన్న గడువు ఒకటి లేదు. ఒక్కసారే ఆపినా, తగ్గిస్తూ ఆపినా చివరికి తేడా ఉండదు, కాకపోతే మెల్లగా ఆపితే మొదటి వారాల్లో ఆవిర్లు తిరగబెట్టడం కాస్త తక్కువ.

మరదలు క్యాలెండరు తిరగేసి గత నెల గీతలు లెక్కపెడుతుంటే వదిన ఇంకో గుర్తు కూడా చేర్చమంది. ముట్లుడిగి ఏడాది నిండాక ఎప్పుడైనా ఒక్క చుక్క ఎరుపు కనబడితే ఆ తేదీ రాయాలి. హార్మోను మొదలుపెట్టిన తొలి నెలల్లో కొద్దిగా కనబడవచ్చు, అదైనా డాక్టరుకు చెప్పాలి. మందేమీ వాడకుండా కనబడితే అది మళ్లీ నెలసరి రావడం కాదు, గర్భసంచి లోపలి పొరను స్కానింగ్‌లో చూడవలసిన సంగతి. ఆ వారంలోనే వెళ్లాలి.